అచ్చంపేట దిక్కు షేర్డ్ టెలిస్కోప్: అద్దం సంగతి తర్వాత, ముందు లిస్టు సంగతి

మన నల్లగొండ, పాలమూరు దిక్కు మంచి టెలిస్కోప్ కిరాయికి దొరుకుతదా అని అడిగేటోళ్ళు చానా మంది ఉన్నరు. దొరుకుతది. అచ్చంపేట దాటినంక నల్లమల అంచుకు ఒక పొలంల షెడ్డు కట్టిండ్రు, పైన రేకుల కప్పు పట్టాల మీద పక్కకు జరుగుతది, లోపల 10 అంగుళాల రిఫ్లెక్టర్, అంటే అద్దంతోని నడిచే టెలిస్కోప్, ఉన్నది. బోర్డు లేదు, యాప్ లేదు, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక గూగుల్ ఫారం, అంతే. అందరం షెడ్డు అనే అంటం కాబట్టి నేను గూడ ఈడ షెడ్డు అనే రాస్త. నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్త, మా పిల్లల ప్రాజెక్టులన్నీ కొంత కాలం సంది ఈ షెడ్డు మీదనే నడుస్తున్నయి, అందుకే ఈ రివ్యూ.

సామాను గురించి ఒక్క ముక్కల చెప్పేస్త. అద్దం మంచిగున్నది, టెలిస్కోపును మోసి తిప్పే మౌంట్ జర్మన్ ఈక్వటోరియల్ రకం, 26 మెగాపిక్సెల్ కెమెరా, ఫిల్టర్ చక్రం, ఇన్వర్టర్ బ్యాటరీలు. కరెంటు పోయినా ట్రాకింగ్, అంటే ఆకాశం వెంట టెలిస్కోప్ తిరుగుడు, ఆగదు. ఇసొంటి సామాను పైసలు ఉన్న ఎవరైనా కొనొచ్చు. షెడ్డుకు నేను అయిదుకు నాలుగున్నర స్టార్లు ఇస్తున్ననంటే అది అద్దం జూసి కాదు, ఒక్క టెలిస్కోపును ఇరవై ముప్పై మందికి ఒక రాత్రిల ఎట్ల పంచాలె అన్న దాని మీద వీళ్ళు పెట్టిన బుర్ర జూసి. ఈ సంగతి మన దగ్గర ఎవ్వరూ రాయరు, అందరూ జూపిటర్ ఫొటో పెట్టి "సూపర్" అని పోతరు.

మొదట్ల షెడ్డు గూడ అందరి లెక్కనే నడిచింది. రెండు గంటలకు ఒక స్లాట్, ముందు ఎవరు మెసేజ్ పెడితే వాళ్ళకు. సినిమా టికెట్లు అమ్మినట్టు అమ్మిండ్రు, మాకు గూడ బాగనే అనిపించింది, పన్నెండు నుంచి రెండు నాది అంటే నాది, ఇంకెవ్వరితోని లొల్లి లేదు. కానీ ఆకాశం మన స్లాటు కోసం ఆగదు గదా. ఏప్రిల్ నెలల ఒకాయన ఒరాయన్ నెబ్యులా కావాలని రాత్రి పది స్లాటు కట్టిండు, ఆ యాళ్ళకు ఒరాయన్ కొండల కాడికి దిగిపోయింది. ఇంకొకాయన సాయంత్రం ఎనిమిదికి ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల గుచ్ఛం అడిగిండు, అది ఇంకా సరిగ్గ పైకే రాలే. ఇద్దరూ స్లాట్లు మార్చుకుంటే సగమన్నా పని అయ్యేది, కానీ ఎవరికి ఏది దొరికిందో ఇంకొకరికి తెల్వదు. పైసలు ఇద్దరివీ పోయినయి, టెలిస్కోప్ మాత్రం రాత్రంతా "బుక్ అయి" ఉన్నది. రికార్డుల నూటికి నూరు శాతం వాడినట్టు, నిజంగ పనికొచ్చిన డేటా మాత్రం శానా తక్కువ. మా పిల్లలు గూడ ఇట్లనే రెండు నెలలు ఊరికే తిరిగిండ్రు, అప్పట్ల నాకు మస్తు కోపం వచ్చింది, గ్రూపుల గట్టిగనే అడిగిన.

ఇప్పుడు స్లాట్లు తీసేసిండ్రు. క్యూ పెట్టిండ్రు. అంటే నువ్వు టైం కొనవు, పని రాసిస్తవు. ఏ వస్తువు, ఎన్ని నిమిషాల ఎక్స్‌పోజర్, ఏ ఫిల్టర్, ఎంత ఎత్తుల ఉంటే నీకు పనికొస్తది, చందమామ ఉన్నా నడుస్తదా, ఫలానా గంటకే కావాల్నా ఎప్పుడైనా పర్వాలేదా. ఇవన్నీ ఫారంల గళ్ళు. అన్నిటికంటే నాకు నచ్చిన గడి ఆఖరిది, "సగం డేటా వస్తే నీకు పనికొస్తదా" అని. ఈ ఒక్క ప్రశ్నతోని ఎంత టైం మిగుల్తదో చెప్పలేను. మబ్బు వచ్చే సూచన ఉన్న రాత్రి, సగం వచ్చినా చాలు అన్నోళ్ళను ముందు పెడ్తరు, మొత్తం కావాలె అన్నోళ్ళను మంచి రాత్రికి ఆపుతరు, ఇద్దరికీ నష్టం లేదు.

రాత్రి షెడ్డు నడిపే ఆపరేటర్‌ను అందరూ అన్న అంటరు, నేను గూడ అన్న అనే అంట. పొద్దుగాల వేరే కొలువు, సాయంత్రం నాలుగింటికి ఇన్సాట్ మబ్బుల బొమ్మలు చూసి ఆ రాత్రి లిస్టు తయారు జేస్తడు. ఆయన రూలు ఒకటే, మా పిల్లలకు గూడ నోటికొచ్చేసింది: "పడమర మునిగేది ముందు, తక్కువ సేపు కనిపించేది దాని టైంకు, నడినెత్తి మీదిది ఎక్కడ సందు దొరికితే అక్కడ."

ఒక రాత్రి లిస్టు మీకు విప్పి చూపిస్త, ఇది అర్థమైతే మొత్తం అర్థమైతది. ఏప్రిల్ నడుమ, అమావాస్య దగ్గరి రాత్రి. అచ్చంపేట అక్షాంశం సుమారు 16.4 డిగ్రీలు. సూర్యుడు ఆరున్నర దాటినంక మునుగుతడు, మునిగిన వెంటనే ఆకాశం ఇంకా తెల్లగ ఉన్నప్పుడే ఫ్లాట్స్ అనే ఖాళీ ఆకాశం ఫొటోలు తీస్తరు, అద్దం మీద దుమ్ము, కెమెరా మూలల నీడ లెక్క తీసేసేటందుకు. ఏడుంపావు నుంచి ఫోకస్, జంట నక్షత్రాల అసొంటి వెలుగు ఎక్కువున్న చిన్న పనులు. సూర్యుడు క్షితిజం కింద 18 డిగ్రీలకు పోయేవరకు అసలు చీకటి రాదు, మన దిక్కు అది మునిగినంక దాదాపు గంటంపావుకు, అంటే ఏడు యాభైకి. సరిగ్గ ఆ నిమిషానికి ఒరాయన్ నెబ్యులా మీదికి పోతది టెలిస్కోప్, ఎందుకంటే అది అప్పటికే పడమర 34 డిగ్రీల ఎత్తుల ఉన్నది, గంటకు దాదాపు 14, 15 డిగ్రీలు దిగుతనే ఉంటది. ముప్పై అయిదు, నలభై నిమిషాలల్ల దాని పని ముగిస్తడు. ఆ సీజన్ల దానికి అదే ఆఖరి అవకాశం, ఇగ మళ్ళ చలికాలమే.

ఎనిమిది నలభైకి ఎం81, ఎం82 గెలాక్సీలు. ఇవి ఉత్తరం దిక్కు, మనకు నడి ఆకాశం గీత దాటేటప్పుడు గూడ 37 డిగ్రీల ఎత్తే, పైగా ఉత్తరం అంటే హైదరాబాద్ వెలుగు ఉన్న దిక్కు, కాబట్టి వాటిని మరీ కిందికి పోయినంక తీస్తే ఫొటోల బూడిద తప్ప ఏం రాదు. ఎనిమిది నలభై ఎందుకంటే అవి మెరిడియన్, అంటే ఆ నడి ఆకాశం గీత, దాటేది ఎనిమిది ముప్పై ఏడుకు. పది దాటంగనే సింహరాశి మూడు గెలాక్సీలు, అవి పది మూడుకు దాటుతయి. పన్నెండుంపావుకు ఒమెగా సెంటారీ, అది పన్నెండు పదికి దాటుతది. చూసిండ్రా, ప్రతి ఒక్కటీ మెరిడియన్ దాటిన కొద్ది నిమిషాలకే పట్టుకుంటున్నడు. మొదట చూసినప్పుడు ఎత్తు ఎక్కువున్నప్పుడు తీస్తున్నడు అనుకున్న, అది సగం కారణమే. జర్మన్ మౌంట్‌తోని ఒక తంటా ఉన్నది, వస్తువు మెరిడియన్ దాటేటప్పుడు టెలిస్కోప్ మొత్తం తిరగబడి అవతలి పక్కకు రావాలె, మళ్ళ వస్తువును నడుమకు తెచ్చుకోవాలె, గైడింగ్, అంటే వస్తువు జరగకుండ పట్టుకునే పని, మళ్ళ మొదలు పెట్టాలె, ఒక్కోసారి ఫోకస్ గూడ. ఈ తిరగబడుడునే ఫ్లిప్ అంటరు, ఒక్క ఫ్లిప్‌కు పది నిమిషాల దాక పోతది. ప్రతి పనీ దాటినంక మొదలు పెడితే మౌంట్ ఒకే పక్కన ఉంటది, ఫ్లిప్ అవసరమే రాదు. లిస్టుల ఎవ్వరికీ కనిపించని తెలివి ఇది.

ఒమెగా సెంటారీ సంగతి ప్రత్యేకం చెప్పాలె. దక్షిణాన కిందికి ఉంటది, డిక్లినేషన్, అంటే ఆకాశం మీది అక్షాంశం, మైనస్ 47 దాటి. అచ్చంపేట నుంచి ఎంత పైకొచ్చినా 26 డిగ్రీలే, 20 డిగ్రీల పైన ఉండేది రాత్రి మొత్తంల నాలుగు గంటలు. ఉత్తర భారతంల చానా మందికి ఇది సరిగ్గ దొరకనే దొరకదు, మనకు దొరుకుతది, అయినా 26 డిగ్రీల కాడ వెలుగు మన నెత్తి మీద కంటే రెండు రెట్లు దాటి గాలిని తోసుకొని రావాలె. నెత్తి మీద గాలి మందం ఒకటి అనుకుంటే 60 డిగ్రీల ఎత్తుల 1.15, 45 డిగ్రీల కాడ 1.4, 30 డిగ్రీల కాడ 2. అందుకే దానికి అర్ధరాత్రి దాటినంక యాభై నిమిషాలు ఎవ్వరూ ముట్టుకోకుండ ఇస్తడు. అదే సింహరాశి గెలాక్సీలు ఉన్నయనుకోండ్రి, దాదాపు నడినెత్తి మీదికెల్లి పోతయి, అటు గంట ఇటు గంట జరిపినా వాటికేం కాదు. పాత స్లాట్ల పద్ధతిల ఈ రెండూ ఒకటే, రెండు గంటలు అంటే రెండు గంటలు.

ఒంటిగంట దాటినంక ఎం3 నక్షత్రాల గుచ్ఛం, మా పిల్లలది. అండ్ల ఆర్ఆర్ లైరే రకం నక్షత్రాలు రెండు వందలకు పైగనే ఉన్నయి, సగం రోజు లెక్కన వెలుగు పెరుగుతది తగ్గుతది, అందుకే ఒక్క ఫొటోతోని పని కాదు, ఒకే రాత్రి మళ్ళ మళ్ళ, ఇంకో రాత్రి ఇంకో గంటకు తియ్యాలె. తర్వాత రెండు నలభై అయిదుకు టీ కరోనా బొరియాలిస్ మీదికి అయిదు నిమిషాలు. ఇది 1866ల, 1946ల పేలిన నోవా, మళ్ళ పేలుతదని అందరూ కాసుకొని ఉన్నరు. ఎవ్వరూ అడగకున్నా అన్న రోజూ దానికి అయిదు నిమిషాలు పెడ్తడు, ఆ డేటా గ్రూపుల అందరికీ ఫ్రీ. మూడున్నరకు ఎం13 గుచ్ఛం, నాలుగు గంటల కాడికెల్లి తెల్లారేదాక ధనుస్సు రాశిల లగూన్ నెబ్యులా, దీనికి మాత్రం మౌంట్ పక్క మారక తప్పదు.

ఈ ఆఖరిది మన తెలంగాణోళ్ళు పట్టించుకోవాలె. ఇంటర్నెట్ల ఎక్కడ చూసినా లగూన్, ట్రిఫిడ్, పాలపుంత నడిబొడ్డు అంతా జూన్, జులై, ఆగస్టుల తీయండ్రి అని రాస్తరు. వాళ్ళకు అది ఎండాకాలం. మనకు అప్పుడు వాన, షెడ్డు కప్పు తెరిచేటందుకే ఉండదు. ఆ వస్తువులు మనకు దొరికేది ఫిబ్రవరి ఆఖరు నుంచి మే దాక తెల్లవారుజామునే. ఏప్రిల్ నడుమ లగూన్ మెరిడియన్ మీదికొచ్చేది నాలుగు నలభై అయిదుకు, సరిగ్గ అప్పుడే తెల్లారుడు మొదలు. నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందు వస్తయి గదా, అంటే నెలకు రెండు గంటలు, మే నడుమకు అదే లగూన్ రెండు నలభై అయిదుకే మెరిడియన్ మీదికొస్తది, కానీ అప్పటికి మబ్బులు, ఉరుములు మొదలైతయి. వేరే దేశపోళ్ళ పుస్తకం పట్టుకొని లిస్టు రాస్తే వాన నెలల అందమైన లిస్టు తయారైతది, ఫొటో రాదు. అన్న ఈ లెక్క మనసుల పెట్టుకొని ఏప్రిల్ల తెల్లవారుజాము టైంను ధనుస్సు, వృశ్చికం వాళ్ళకే ఆపి ఉంచుతడు, ఇంకెవ్వరడిగినా ఇయ్యడు.

ఇగ పైసల లెక్క. గంటకు 600, కాలేజీ పిల్లలకు సగం. కానీ గంట అంటే గడియారం గంట కాదు, కెమెరా షట్టర్ తెరిచి ఉన్న నిమిషాలే. టెలిస్కోప్ తిరిగే టైం, ఫోకస్ టైం, ఫిల్టర్ మార్చే టైం, అన్నీ షెడ్డోళ్ళ ఖాతాలనే. ఇది చిన్న విషయం లెక్క కనిపిస్తది గానీ నా లెక్క ప్రకారం మొత్తం పద్ధతిని నిలబెట్టింది ఇదే. టైం వేస్టయితే వాళ్ళకే నష్టం, అందుకే వేస్టును వాళ్ళే తగ్గిస్తరు. స్లాట్లు ఉన్నప్పుడు ఫోకస్‌కు ఇరవై నిమిషాలు పట్టినా ఎవ్వరికీ పట్టలే, మన పైసలల్లనే పోయింది. ఇప్పుడు ఫోకస్ మోటార్ పెట్టిండ్రు, చలికాలం రాత్రి చల్లబడేకొద్దీ ట్యూబు కుంచించుకపోయి ఫోకస్ జరుగుతది కాబట్టి వేడి రెండు డిగ్రీలు తగ్గినప్పుడల్లా తనే సరి చేసుకుంటది. డార్క్ ఫ్రేములు, అంటే కెమెరా సొంత మచ్చలు తీసేసేటందుకు వాడే చీకటి ఫొటోలు, మబ్బు రాత్రులల్ల మూత పెట్టి తీసి దాచుకుంటరు, మంచి చీకటి దానికి ఖర్చు పెట్టరు.

ఒకే ఫిల్టర్ పనులన్నీ ఒక్క తాన పెట్టుడు గూడ ఇందులదే. మా ఊరి గిర్ని కాడ చూస్తం గదా, జొన్నలు అన్నీ ఒక్కసారి, గోధుమలు అన్నీ ఒక్కసారి, మిరపకాయలు ఆఖరికి. వరుసల ముందు నిలబడ్డోని కోసం ప్రతిసారి రాయి కడిగితే గిర్ని పొద్దంతా కడుగుడే అయితది. షెడ్డుల గూడ హైడ్రోజన్ ఆల్ఫా, అంటే హైడ్రోజన్ ఎర్ర వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్, అడిగినోళ్ళు ముగ్గురుంటే ముగ్గురూ ఒకరెనుక ఒకరు. దీని వల్ల నీ నెంబరు ఒకటి రెండు రోజులు వెనుకకు జరగొచ్చు, దానికి కోపం తెచ్చుకోవద్దు.

చందమామ లెక్క గూడ బాగ చూసుకుంటరు. రోజుకు సుమారు యాభై నిమిషాలు లేటుగ ఉదయిస్తడు, అష్టమి నాడు, అంటే పెరిగే సగం చంద్రునప్పుడు, అర్ధరాత్రి దాక వెలుగు ఆ తర్వాత చీకటి, పున్నం దాటినంక ముందు చీకటి తర్వాత వెలుగు. ఒక్క రాత్రినే రెండు ముక్కలు జేసి ఒక ముక్క గెలాక్సీలకు, ఒక ముక్క జంట నక్షత్రాలకు, గ్రహాలకు, హైడ్రోజన్ ఆల్ఫా పనులకు. పున్నం రాత్రి "షెడ్డు బంద్" అని ఒక్కసారి గూడ చెప్పలే. ఫారంల "చందమామ ఉన్నా పర్వాలేదు" అని టిక్ పెట్టినోళ్ళకు నెలల పది రోజులు దాదాపు ఖాళీ టెలిస్కోప్ దొరుకుతది, చంద్రుడు తడి చీర లెక్క ఆకాశమంతా ఆరేసుకున్నా వాళ్ళ పనికి అడ్డం కాదు. మా పిల్లల్ల కొందరి ప్రాజెక్టులు నేను కావాలనే వెలుగు ఎక్కువున్న మార్పు నక్షత్రాల (వెలుగు పెరిగి తగ్గేటియి) మీద పెట్టిన, అందుకే తొందరగ ముగిసినయి.

ఇగ టైంకే జరిగే సంగతులు. వేరే నక్షత్రం ముందుకెల్లి దాని గ్రహం పోయేటప్పుడు వెలుగు జర తగ్గుతది గదా, హెచ్‌డీ 189733 అని వల్పెక్యులా రాశిల ఒకటి ఉన్నది, డంబెల్ నెబ్యులా పక్కనే. దాని గ్రహం 2.2 రోజులకోసారి ముందుకెల్లి పోతది, రెండు గంటలకు జర తక్కువ సేపు, నక్షత్రం వెలుగు నూటికి రెండున్నర వంతు తగ్గుతది. అంత చిన్న తేడా పట్టాలంటే ముందు గంట, తర్వాత గంట మామూలు వెలుగు గూడ కొలవాలె, మొత్తం నాలుగు గంటలు ఏకధాటి. పాత రెండు గంటల స్లాటుల ఇది అసలు కుదరనే కుదరదు, రెండు స్లాట్లు కొన్నా నడుమ ఇంకొకాయన ఉంటడు. ఇప్పుడు "ఫలానా టైంకే" అన్న గడిల తారీఖు, గంట రాస్తే ఆ నాలుగు గంటలు తాళం పడ్తయి, మిగిలినోళ్ళందరూ దాని చుట్టూ సర్దుకుంటరు. అక్టోబర్ సాయంత్రాలు దీనికి మన దిక్కు బాగుంటయి, మబ్బు తేలిపోతది, నక్షత్రం ఇంకా పడమర ఎత్తులనే ఉంటది.

ఇట్ల తాళం వేసుకునే హక్కు అందరికీ ఇస్తే లిస్టు చెడిపోతది, అందుకే అన్న జర గట్టిగనే అడుగుతడు. మా పిల్లగాడొకడు అల్గోల్ అనే నక్షత్రం కోసం తాళం అడిగిండు. అల్గోల్ 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతది, మాగ్నిట్యూడ్ లెక్కల 2.1 నుంచి 3.4 దాక (అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). అన్న ఫోన్ల ఏమన్నడో చెప్త: "తమ్మీ, ఈ రాత్రి ఒంటిగంటకు మసకయితే మూడు రోజులకు దాదాపు తొమ్మిది యాభైకి అయితది, ఆ తర్వాతది పొద్దు మునిగే యాళ్ళకు, ఇగ తర్వాత పగటి పూట. ఆ రెండు రాత్రులు నీ మిద్దె మీద కూసొని కండ్లతోనే చూడు, పక్క నక్షత్రాలతోని పోల్చి అర్ధగంటకోసారి రాసుకో. దానికి నా టెలిస్కోప్ ఎందుకు?" పిల్లగాడు చూసిండు, గ్రాఫ్ గీసిండు, మస్తు వచ్చింది. పైసలొచ్చే పనిని వద్దని చెప్పినోళ్ళను నేను ఇంకెక్కడ చూడలే. టెలిస్కోప్ అక్కర్లేని పనిని లిస్టులకు రానియ్యకుండ ఆపుడు గూడ టైం మిగిల్చుడే.

సమానత్వం గురించి చానా మంది అడుగుతరు, క్యూ అంటే ఆపరేటర్ దోస్తులకే టైం పోతది గదా అని. ఆ భయం నాకు గూడ ఉండే. వీళ్ళు నెల నెలా ఒక ఖాతా పెడ్తరు, ఎవరు ఎన్ని గంటలు అడిగిండ్రు, ఎన్ని గంటలు వచ్చినయి. వెనుకబడ్డోళ్ళు వచ్చే నెల లిస్టుల పైకి. మబ్బుల పోయిన రాత్రికి పైసలు పోవు, వరుస గూడ పోదు. ఇంకో రూలు మీద గ్రూపుల లొల్లి అయింది గానీ నాకు సరే అనిపిస్తది: ముప్పావు వంతు అయిపోయిన పనిని కొత్త పని కంటే ముందు ముగిస్తడు. పది మందికి తలా సగం డేటా ఇస్తే పది ప్రాజెక్టులు ఆగిపోయినట్టే, అయిదుగురివి పూర్తి చేస్తే అయిదు ప్రాజెక్టులు అయినట్టు. కొత్తగ చేరినోళ్ళకు మొదటి నెల జర ఆలస్యం అయితది, నిజమే. దానికి విరుగుడుగ కొత్తోళ్ళ మొదటి పని అరగంట లోపుదైతే వారంలనే పెడ్తున్నరు ఇప్పుడు.

పెద్ద పెద్ద టెలిస్కోపుల కాడ గూడ గొడవ ఇదే. లద్దాఖ్‌ల హాన్లే కాడ 4,500 మీటర్ల ఎత్తుల మన 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉన్నది, దాన్ని బెంగళూరు పక్కన హొసకోటె నుంచి శాటిలైట్ లింకు మీద నడుపుతరు, ఏడాదికి మూడు విడతలు దరఖాస్తులు తీసుకొని కమిటీ టైం పంచుతది. లాస్ కుంబ్రెస్ అబ్జర్వేటరీ అని ఇంకొకటి, చిలీ, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా ఇట్ల ప్రపంచం చుట్టూ టెలిస్కోపులు పెట్టి ఒక్క సాఫ్ట్‌వేర్‌తోనే అన్నిటికీ లిస్టు తయారు చేస్తరు, ఒక తాన మబ్బు పడితే నిమిషాలల్ల లెక్క మళ్ళ వేసి ఇంకో తానకు పని పంపుతది. హబుల్‌కు అయితే ఇంకా కష్టం, 95 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తది, అండ్ల దాదాపు సగం సేపు చానా వస్తువులకు భూమే అడ్డం వస్తది, అందుకే వారం లిస్టు ముందుగనే నిమిషాల లెక్కన రాసి పెడ్తరు. మన దగ్గర జపాల్-రంగాపూర్ల ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్ ఉన్న సంగతి మా పిల్లలకే చానా మందికి తెల్వదు, 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఆడికెల్లి చూసిండ్రు. గ్రహణం అంటే తాళం వేసిన టైం గదా, ఒక్క నిమిషం గూడ అటు ఇటు జరగదు. ఇవన్నీ చెప్పుడు ఎందుకంటే, ఒక పొలంల షెడ్డు నడిపేటాయన కోట్ల రూపాయల టెలిస్కోపులు వేసుకునే ప్రశ్నలనే వేసుకుంటున్నడు, మా పిల్లలు అది పక్కన నిలబడి నేర్చుకుంటున్నరు. నాకు దీని విలువ మార్కుల కంటే ఎక్కువ.

అర స్టార్ ఎందుకు కోసినవంటే, చెప్త. లిస్టు అన్న బుర్రల ఉన్నది, కాయితం మీద లేదు. ఆయనకు జ్వరమొచ్చిన వారం ఇంకొక తమ్ముడు నడిపిండు, మంచోడే, కష్టపడ్డడు, కానీ ఫారంలు వచ్చిన వరుసలనే తీసిండు, ఒమెగా సెంటారీ మళ్ళ కిందికి పోయింది. రూలు మొత్తం ఒక పేజీల రాసి గోడకు పెట్టుండ్రి అని ఎప్పటి సందో అడుగుతున్న. రెండోది, ఆ రాత్రి లిస్టు అందరికీ సాయంత్రమే పెట్టాలె, ఇప్పుడు తొమ్మిది దాటినంక పెడ్తున్నరు, నా పని ఇయ్యాల ఉన్నదా లేదా అని పిల్లలు మేలుకొని కూసుంటరు. మూడోది, ఫారంల మన టైం రాయాలె, ఫైళ్ళ మీద యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైం, వస్తది, అయిదున్నర గంటల తేడా. కొత్త పిల్లలకు దీంతోని తలకాయ తిరుగుతది. ఒక మంచి సంగతి ఏందంటే మన రాత్రి మొత్తం, సాయంత్రం ఏడు నుంచి తెల్లారి అయిదు దాక, యూటీసీల ఒకే తారీఖు కిందికి వస్తది, మనకు అర్ధరాత్రి మారే తారీఖు ఆడ పొద్దుగాల అయిదున్నరకు మారుతది. ఇంత సంగతి ఫారం కింద ఒక్క లైన్ రాస్తే సగం ఫోన్లు తగ్గుతయి.

నెట్ అక్కడ బలహీనం, ఒక్కో ఫ్రేమ్ 50 ఎంబీ దాక ఉంటది, రెండు వందల ఫ్రేములు అంటే 10 జీబీ, పొద్దుగాల అచ్చంపేటకు తెచ్చి ఎక్కిస్తరు కాబట్టి మధ్యాహ్నం దాక ఆగాలె. స్వయంగ పోవాలనుకుంటే దేవరకొండ, డిండి మీదికెల్లి రోడ్డు మంచిగున్నది, ఆఖరి ముక్క మట్టి బాట. రాత్రి ఆడ తెల్ల లైటు వెయ్యొద్దు, బండి హెడ్‌లైట్ గేటు కాడనే ఆపాలె, ఫోన్ల టార్చ్ తీస్తే అన్న ఊకోడు. టీ ఇస్తరు, తిండి మనమే కట్టుకొని పోవాలె. ఆడపిల్లలతోని పోయినప్పుడు బాత్రూం శుభ్రంగనే ఉన్నది, షెడ్డోళ్ళ ఇల్లు పక్కనే, ఆ ఇంటి అమ్మ గూడ అర్ధరాత్రి లేచి అడిగి పోయింది, ఈ సంగతి తల్లిదండ్రులు అడుగుతరు కాబట్టి రాస్తున్న.

జూన్ నుంచి సెప్టెంబర్ దాక బంద్ లెక్కనే. నవంబర్ల వరి కోతలయినంక కొయ్యకాళ్ళు కాలబెట్టిన పొగ నల్లగొండ దిక్కు ఉన్నంత ఈడ ఉండదు, అయినా కొన్ని రాత్రులు కింది ఆకాశం మసకగనే ఉంటది, ఆ రాత్రులల్ల 40 డిగ్రీల కింది వస్తువులు అడగకుండ్రి. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మంచు కురుస్తది, అద్దం మీద తేమ రాకుండ హీటర్ పట్టీ ఉన్నది గానీ మన ఒంటికి లేదు, చెద్దరు తీసుకపోండ్రి.

ఊకె కండ్లతోని జూపిటర్, శని చూసి ఫొటో దిగి రావాలనుకునేటోళ్ళకు ఈ షెడ్డు కాదు, ఇది కెమెరా మీద నడిచేది, కన్ను పెట్టేటందుకు ఐపీస్ ఉండదు. కాలేజీ ప్రాజెక్టు, మార్పు నక్షత్రాలు, గ్రహశకలాలు, ఓపికగ ఫొటోలు తీసుకునేటోళ్ళకు మన దక్షిణ తెలంగాణల ఇంత కంటే మంచిది నేను చూడలే. మొదటిసారి ఫారం నింపేటోళ్ళకు ఒక్క మాట, స్టెల్లేరియం అని ఆకాశం చూపించే సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరుకుతది, అండ్ల అచ్చంపేట పెట్టి మీ వస్తువు ఆ నెలల ఏ గంటకు మెరిడియన్ దాటుతదో, ఎంత ఎత్తుకు వస్తదో చూసుకొని అప్పుడు రాయండ్రి. ఆఖరి గడి, "సగం వస్తే పనికొస్తదా" అన్నది, ఖాళీగ ఇడిచిపెట్టకుండ్రి, ఖాళీగ ఉంటే అన్న దాన్ని "మొత్తం కావాలె" అనే లెక్క కడ్తడు, మబ్బుల నెలల మీ పని మంచి రాత్రి కోసం కిందనే ఆగిపోతది.